చుట్ట చుట్టే చెయ్యి

మల్లప్ప కుడి చెయ్యి పొద్దస్తమానం చుట్ట చుడుతుంది. చుట్టడానికి చేతిలో పొగాకు లేదు, గడ్డిపోచ కూడా లేదు. అయినా బొటనవేలు పోయి చూపుడువేలి మీద దొర్లుతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ దొర్లుతుంది. దొడ్డి గోడకు ఆనుకుని కూర్చున్నా అంతే, నలుగురిలో నిలబడి మాట్లాడుతున్నా అంతే. నిద్రలో మాత్రం ఆగుతుంది. లేచిన మరుక్షణం మళ్లీ మొదలు.

దేవరకొండ ఖిల్లా గుట్ట కనబడేంత దూరంలో ఉన్న ఆ గొర్రెల కాపరుల కురుమ పల్లె మొదట్లో నవ్వింది. నవ్వదా మరి! మల్లప్ప అంటే ఒకప్పుడు నోట్లో చుట్ట లేకుండా ఎవరూ చూడని మనిషి. తొడ మీద ఆకు పరిచి, కళ్లు మూసుకుని చుట్టేవాడు. అటువంటివాడు మూడేళ్ల కిందట కులదేవుడు బీరప్పకు మొక్కి చుట్ట మానేశాడు. ఆ చలికాలమే చెయ్యి ఈ వేషం మొదలుపెట్టింది.

"మొక్కింది మల్లప్ప నోరు. చెయ్యిని ఎవలన్న అడిగిండ్రా?" అనేవాళ్లు కుర్రకారు.

కుండకైతే మూకుడు పెట్టొచ్చు, ఊరి నోటికి ఏం పెడతాం? పెళ్లాం బీరమ్మ కూడా వాళ్లతో కలిసి నవ్వింది. అంబలి గిన్నె ఆయన చేతిలోంచి జారి ఒళ్లంతా ఒలికిన రోజున నవ్వడం ఆపేసింది. ఆ తర్వాత ఆయన నడక కూడా చిన్నదైపోయింది. గొంతు దిగిపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మొహం గోడలాగా బిర్రబిగుసుకుపోయింది. తన మొగుణ్ణి ఎవరో కొంచెం కొంచెం ఎత్తుకుపోతున్నట్టు ఆమెకు దడ పుట్టింది.

ముక్కు సంగతి వేరే చెప్పాలి. చుట్ట మానకముందు నుంచే ఆయనకు వాసన తెలియకుండా పోయింది. పొట్టేలు మదమెక్కి కంపు కొడుతున్నా పక్కనే కూర్చుని సంకటి తినేవాడు. పొయ్యి మీద గట్క మాడి ఇల్లంతా పొగ కమ్మినా, "ఏం మాడింది?" అని అడిగేవాడు.

ఇక మొక్కు. దాన్ని తలచుకుంటే బీరమ్మకు ఒళ్లు మండిపోయేది. మూడేళ్ల కిందట ఊళ్లోకి గత్తర వచ్చింది. ఆమె వాంతులూ విరేచనాలతో మంచానికి అతుక్కుపోయి, ఒళ్లు తెలియకుండా పడిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మందకూ ఏదో రోగం తగిలి గొర్రెలు కూలబడ్డాయి. ఆమె బతికి లేచి కూర్చునేసరికి మొగుడి నోట్లో చుట్ట లేదు.

"బీరప్పకు మొక్కిన. ఇగ బతికినన్ని దినాలు చుట్ట వట్ట" అన్నాడు.

"దేనికోసం మొక్కినవు?"

"మొక్కిన ముచ్చట బైట పెడితె మొక్కు చెడుతది. ఊకో."

ఆ పల్లెలో అది కట్టుబాటు. ఏది విడిచిపెట్టిందీ చెప్పొచ్చు, దేనికోసమన్నది చెప్పకూడదు. చెప్పకపోతే ఏం, అందరికీ తెలిసిందే అనుకున్నారు. గొర్రెలే బతుకైన మనిషి గొర్రెలకు కాక దేనికి మొక్కుతాడు? బీరమ్మ కూడా అదే అనుకుంది. ఆ మాట మూడేళ్లుగా కడుపులో పెట్టుకుని, కోపం వచ్చినప్పుడల్లా పైకి తీసేది.

"నేను సావబోతుంటె నువ్వు గొర్లకు మొక్కినవు! గొర్రెకున్న ఇలువ నాకు లేకపాయె!"

మల్లప్ప చెయ్యి చుట్ట చుడుతూ ఉండేది.

పోయినసారి బొచ్చు కత్తిరించేనాడు అసలు ముప్పు వచ్చిపడింది. పల్లె మందలన్నీ కడిగి, ఒకచోట చేర్చి, ముందుగా బీరప్ప పేరు మీద విడిచిన పొట్టేలుకు కత్తెర పెడతారు. ఆ మొదటి కత్తెర మల్లప్పది. అతని తండ్రిది, తాతది. బొచ్చు మొత్తం ఒక్క దుప్పటిలాగా ఊడి వచ్చేలా కత్తిరించడం చుట్టుపక్కల పల్లెల్లో అతనికొక్కడికే చేతనవును. ఆనాడు కత్తెర సగం పోయాక చెయ్యి అదిరింది. పొట్టేలు డొక్క తెగింది. దేవుడి బొచ్చు మీద నెత్తురు!

తమ్ముడు ఎల్లేశం ముందుకు వచ్చి, "అన్నా, ఇటియ్యి" అని చేతిలోంచి కత్తెర తీసుకున్నాడు. మొరటుగా ఏమీ తీసుకోలేదు, మెల్లగానే తీసుకున్నాడు. ఆ మెల్లదనమే మల్లప్పను చంపింది. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కులపెద్దలు కూర్చుని తేల్చారు. ఇంకొక్కసారి చూద్దాం, వచ్చే కత్తెరకు కూడా చెయ్యి ఇట్లాగే ఉంటే మొదటి కత్తెర ఎల్లేశానిది. అది పోతే తన మొగుడు మనిషిగా మిగలడని బీరమ్మకు అర్థమైపోయింది. తిండి పెట్టొచ్చు, బట్ట కట్టొచ్చు. ఆ చెయ్యికి దాని పని ఎవరు ఇస్తారు?

కత్తెరకు ఇంకా నెల దినాలు పైన ఉండగా మందకు నెత్తురు తాగే పిడుదులు పట్టాయి. పిడుదులకు వాళ్లు చేసే మందు ఒక్కటే. పెద్ద గాబులో పొగాకు కాడలూ తుక్కూ వేసి ఉడకబెట్టి, ఆ నీళ్లు గొర్రెల ఒంటికి పట్టిస్తారు. మొక్కు మొక్కిన నాటి నుంచి మల్లప్ప ఆ గాబు ఛాయలకు కూడా పోడు. ఈసారి ఎల్లేశం, అతని పెళ్లాం గుర్వమ్మ నీళ్లు పోసి రుద్దుతుంటే, ఈయన అవతల నిలబడి, తడిసి వచ్చిన ఒక్కొక్క గొర్రెను పొదివి పట్టుకుని, ఒళ్లు నాక్కోకుండా కాసేపు ఆపి వదిలాడు. తడి గొర్రెలను రొమ్ముకు హత్తుకుని హత్తుకుని ఆయన పంచె, చేతులు, మెడ అన్నీ నానిపోయాయి.

మధ్యాహ్నం బీరమ్మ అంబలి తెచ్చింది. ఆయన గోడ నీడన కూర్చున్నాడు. కుడి చెయ్యి మోకాలి మీద ఉంది. ఊరికే ఉంది!

చెయ్యి చచ్చిపోయిందనుకుంది బీరమ్మ. పక్షవాతం అనుకుంది. అంబలి కింద పెట్టేసి, వంగి, ఆ చేతిని గట్టిగా గిచ్చింది.

"ఓర్నీ! ఏమైందే నీకు? దయ్యం వట్టిందా?" అని మల్లప్ప కెవ్వుమన్నాడు.

చెయ్యి చావలేదు. బతికే ఉంది, ఊరికే ఉంది. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఊరికే ఉంది. ఆయన గిన్నె అందుకుని, ఒక్క చుక్క ఒలకకుండా తాగేశాడు. తనేం చేశాడో ఆయనే గమనించలేదు. బీరమ్మ గమనించింది.

మర్నాడు పొద్దున చెయ్యి మళ్లీ చుట్ట చుట్టింది. మిగిలిన మందకు నీళ్లు పట్టించిన రోజున మళ్లీ ఆగింది. ఇక బీరమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ గాబులో ఏముందో ఆమెకు తెలుసు. చుట్ట మానాకే కదా చెయ్యి చెడింది! మానేసిన పొగాకే చెయ్యికి కావాలి. కానీ మొక్కు?

ఆమె ఎంతో ఆలోచించలేదు, ఉన్న మాట చెప్పుకోవాలి. గొర్రెల కోసం మొక్కిన మొక్కు, పోతే గొర్రెలే పోతాయి. గొర్రె పోతే గొర్రె వస్తుంది, మొగుడి చెయ్యి పోతే వస్తుందా? మూడేళ్ల కోపం కూడా అందులో కొంత కలిసింది. మిగిలిన పొగాకు నీళ్లు ఒక కుండలో దాచింది.

"మా అమ్మగారి ఊర్ల, కొల్లాపూర్ దిక్కు, కాటమయ్యని ఆకుల వైద్దుడున్నడు. గీ తంగేడు కషాయం ఇచ్చిండు. పొద్దుమాపు చేతులకు వట్టియ్యాల్నట" అంది.

ముక్కున్న మనిషైతే ఆమెను అక్కడే పట్టుకునేవాడు. ఇల్లంతా పొగాకు కంపు! మల్లప్ప చేతులు చాచాడు, పసిపిల్లవాడిలాగా. "నీ ఇష్టమే" అన్నాడు. బీరమ్మ ఆయన మొహం చూడకుండా వట్టి చేతులతో రాసింది.

నాలుగు దినాలు పోయాక ఆమెకు కడుపులో తిప్పడం మొదలైంది. కషాయం రాసిన ప్రతిసారీ తల తిరగడం, నోట్లో నీళ్లు ఊరడం, దొడ్డి వెనక్కి పోయి వాంతి చేసుకోవడం. గుర్వమ్మ చూసి బుగ్గ మీద వేలేసుకుంది.

"ఏమక్కా! గీ ఈడుల యేవిళ్లా? బావ చెయ్యే నిలిశిందనుకున్న!"

"నీ నోట్ల మన్నువడ! పైత్యమే" అని కసిరింది బీరమ్మ. కసిరిందే కానీ, అది ఎందుకో ఆలోచించలేదు. మల్లప్ప మాత్రం ఆమె వాంతి చేసుకున్నప్పుడల్లా లేచి వచ్చి దూరంగా నిలబడి చూసేవాడు. "మంచిగున్నవా?" అనేవాడు. మాటిమాటికీ అదే అడిగేవాడు. ఆ అడగడంలో ఏదో బెదురుంది. ఆమె దాన్నీ పట్టించుకోలేదు.

ఎందుకు పట్టించుకుంటుంది? చెయ్యి నిలుస్తుంటే! పూర్తిగా కాదు, రాసిన కాసేపటికి నెమ్మదించి, మళ్లీ మెల్లగా మొదలయ్యేది. ఆ కాసేపటిలో ఆయన తాడు పేనాడు. గొంగడి చిరుగు కుట్టాడు. ఒకనాడు నవ్వాడు కూడా. ఆ మొహం మీద నవ్వు చూసి బీరమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది.

కత్తెరనాడు పొద్దున ఆమె చేసిన పని వింటే ఎవరైనా నెత్తి కొట్టుకుంటారు. ఇంతకే ఇంత నిలిస్తే, అంతకు ఎంత నిలుస్తుందో అనుకుంది. ఎల్లేశం ఇంటి నుంచి మంచి పొగాకు తెచ్చి, కషాయం చిక్కగా, నల్లగా దించింది. రెండు గుడ్డలు అందులో నానబెట్టి, మల్లప్ప రెండు చేతులకూ మోచేతి దాకా చుట్టి, పైన అంగీ చేతులు దించింది.

"పొద్దుగూకే దాంక ఇప్పకు" అంది.

బీరప్ప పొట్టేలును తెచ్చి పడుకోబెట్టారు. పల్లె మొత్తం చుట్టూ నిలబడింది. ఎల్లేశం పక్కనే చేతులు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మల్లప్ప కత్తెర పట్టాడు. మెడ దగ్గర మొదలుపెట్టి డొక్క మీదుగా తోక దాకా పోయాడు. కత్తెర చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. బొచ్చు నల్లటి దుప్పటిలాగా ఊడి పక్కకు దొర్లింది. ఒక్క గాటు లేదు!

"అబ్బబ్బ! ఏం చెయ్యిరా నాయినా!" అన్నాడు కులపెద్ద లింగస్వామి.

ఎల్లేశం కళ్లు పెద్దవి చేసుకుని అన్న చేతినే చూస్తున్నాడు. అతని మొహంలో అసూయ లేదు, నమ్మలేకపోవడం ఉంది. "అన్నా, నీకు దండమే" అన్నాడు. బీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. లేకపోతే కేకేసేది.

రెండో గొర్రె సగంలో మల్లప్ప ఆగాడు. మొహం సున్నంలాగా తెల్లబడింది. ఒంటి నిండా చెమట కారింది, నోటి వెంట చొంగ కారింది. కత్తెర పక్కన పెట్టాడు. చూడండి, ఆ పరిస్థితిలో కూడా గొర్రెకు తగలకుండా పక్కకు పెట్టాడు. అప్పుడు వాంతి చేసుకుని ముందుకు పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి.

"పాము ముట్టిందిరో!" అని ఒకరు. "ఎవలో మందు వెట్టిండ్రు!" అని ఒకరు. "దేవుడొచ్చిండు" అని గుర్వమ్మ. ఎల్లేశం ఎవరి మాటా వినలేదు. బండి కట్టి, అన్నను గొంగట్లో చుట్టి ఎక్కించి, ఎద్దులను దేవరకొండ దారి పట్టించాడు. బీరమ్మ ఎక్కి మొగుడి తల ఒళ్లో పెట్టుకుంది. అంగీ కింద గుడ్డలు ఊడదీసి, ఎవరూ చూడకుండా దారి పక్క తుప్పల్లోకి విసిరేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

దవాఖానలో డాక్టరు రామచంద్రం కుర్రవాడే. కోస్తా మనిషి, గుంటూరు దిక్కువాడు. మల్లప్ప మీదకు వంగి నాడి పట్టినవాడు ఒక్కసారిగా తలెత్తాడు.

"ఇదేంటి, ఒళ్లంతా పొగాకు వాసన! మాది పొగాకు పండే ఊరయ్యా, ఈ కంపు నాకు తెలియదా? తడి ఆకు కొట్టే కూలీలు ఇలాగే వాంతులు చేసుకుని పడిపోతుంటారు. ఏం తాగాడు? ఏం మింగాడు? చెప్పండి!"

మల్లప్పకు తెలివి వచ్చింది. పెదవులు కదిలించాడు.

"నేను పొగాకు ముట్టి మూడేండ్లయింది సారూ."

"అబద్ధం చెప్పకు. ప్రాణం మీదకొచ్చాక కూడా అబద్ధమేనా?"

"లేదు సారూ. బీరప్పకు మొక్కిన."

ఎల్లేశం వంగి అన్న మెడ దగ్గర వాసన చూశాడు. చూసి, వెనక్కు తగ్గాడు.

"అన్నా... దొంగతనంగ తాగుతున్నవా? దేవుని మొక్కు తప్పి దేవుని పొట్టేలుకు కత్తెర వెట్టినవా?"

మల్లప్ప తమ్ముడి వైపు చూశాడు. ఏ తప్పూ చేయనివాడు చూసే చూపు అది. జన్మలో మాట తప్పని మనిషి, నోట్లోంచి వాంతి వాసన కూడా పోకముందే దొంగ అయిపోయాడు. నోరు మూసుకుని ఉంటే బీరమ్మ తప్పించుకుంటుంది. ఆయన మునుగుతాడు.

"ఆయన తాగలే!" అని అరిచింది. "నేను! నేను రాసిన. పిడుదుల మందు. పొగాకు నీళ్లు. తంగేడని అబద్దమాడి నెల దినాల సంది చేతులకు రాస్తున్న. గియ్యాల గుడ్డలు నానవెట్టి కట్టిన. ఆయనకేం తెల్వదు. ముక్కు లేని మనిషికి ఏం తెలుస్తది సారూ!"

ముందుగా తేరుకున్నది డాక్టరే. సబ్బు తెప్పించి, మల్లప్ప అంగీ చింపేసి, ఒళ్లంతా తోమి తోమి కడిగించాడు. సూది వేశాడు. బీరమ్మను తిట్టాల్సినవన్నీ తిట్టాడు. "ఎద్దును చంపే విషమమ్మా అది! ఇంకాస్త చిక్కగా కాచి ఉంటే శవాన్ని తెచ్చేవాళ్లు." ఆమె తల వంచుకుని అన్నీ పడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడబోయింది, ఏమని ఎదురు చెప్తుంది?

సాయంత్రానికి మల్లప్ప మొహంలో రంగు తిరిగింది. బీరమ్మ మంచం పట్టె దగ్గర నేల మీద కూర్చుంది. కొడతాడనుకుంది. కొట్టినా బాగుండేది. ఆయన లేచి కూర్చుని, ఆమె మొహాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్లలో కోపం లేదు. భయం. పెద్దపులిని చూసిన గొర్రె కళ్లు.

"ఎన్నొద్దుల సందే?"

"చెప్పిన గద. నెల."

"నీకు వాంతులు మొదలయింది గప్పుడేనా?"

"గప్పుడే. ఏందయ్యా?"

"అయిపాయె. అయిపాయెనే బీరీ! మల్ల గదే రోగం. మల్ల బీరప్ప నిన్ను తీస్కపోనీకొచ్చిండు."

"ఏం మాట్లాడుతున్నవు? గొర్ల మొక్కు చెడితె నాకేమైతది?"

"గొర్లకు ఎవడు మొక్కిండే!"

దిగిపోయిన ఆ గొంతు మూడేళ్లలో అంత గట్టిగా పలకలేదు. పక్క మంచం మీద రోగి లేచి కూర్చున్నాడు.

"గొర్లు పోతె పోనీ అన్న. మంద మొత్తం తీస్కో, దాన్నొక్కదాన్ని ఇడిశిపెట్టు, చుట్ట ముట్టనని బీరప్ప కాళ్లమీద వడ్డ. నువ్వు కండ్లు తెరవకుంట మూడు దినాలు వడి ఉంటివి. నీ కోసమే. నీ కోసం గాక దేనికే?"

మూడేళ్లుగా బీరమ్మ విసిరిన మాటలన్నీ ఒక్కసారిగా తిరిగివచ్చి ఆమె మొహానికే తగిలాయి. గొర్రెకున్న విలువ నాకు లేకపాయె! ఎన్నిసార్లు అంది! అన్నిసార్లూ ఈ మనిషి చుట్ట లేని నోటిని మూసుకుని కూర్చున్నాడు. మొక్కు చెడకూడదని, ఆమె బతకాలని.

ఎల్లేశం గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. తలపాగా తీసి చేతిలో నలుపుకుంటూ, "నన్ను మాపు చెయ్యన్నా" అని బయటికి పోయాడు.

మర్నాడు డాక్టరు వచ్చేసరికి మల్లప్ప చెయ్యి మళ్లీ చుట్ట చుడుతోంది. డాక్టరు కుర్చీ లాక్కుని చాలాసేపు ఆ వేళ్లనే చూశాడు. లేచి నడవమన్నాడు. మోచెయ్యి వంచి చూశాడు. వాసన ఎప్పుడు పోయిందని అడిగాడు. ఆ తర్వాత బీరమ్మ వైపు తిరిగి, గాబు మొదలుకొని జరిగిందంతా మళ్లీ చెప్పించుకున్నాడు.

"నిజంగా ఆగిందా? నువ్వు కళ్లారా చూశావా?"

"గిచ్చి సూసిన సారూ."

"ఈ జబ్బు మెదడులో పుట్టే వణుకమ్మా. చుట్ట మానడం వల్ల వచ్చిందని అనుకోకు. వాసన ముందే పోయిందంటున్నావుగా, లోపల ఎప్పట్నించో ఉండి ఉంటుంది. ఒక మాట చెప్తాను, పట్టుకుని ఊరేగవద్దు. అమెరికాలో లెక్కలు తీస్తే పొగ తాగేవాళ్లలో ఈ జబ్బు తక్కువ కనబడిందని ఈమధ్యే ఒక పత్రికలో చదివాను. ఎక్కడో పొరపాటు పడ్డారనుకుని నవ్వుకున్నాను. ఎందుకో వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. పొగాకులో ఉన్నదాన్ని ఏనాటికైనా ఎవరైనా మందు చేస్తారేమో. ఇవాళైతే అది విషం. ఊపిరితిత్తులకూ చేటే. మళ్లీ రాశావంటే నేనే పోలీసులను పిలుస్తాను." మల్లప్ప చేతి వైపు చూసి, తనలో తను అన్నట్టు అన్నాడు. "నిజంగా ఆగిందంటే... ఆశ్చర్యంగా ఉందే!"

"సారూ, దీనికి వాంతులైతున్నయి. గది సూడున్రి" అన్నాడు మల్లప్ప. తన చేతి గురించి ఒక్క మాట అడగలేదు.

"ఆవిడ చేతుల్తో రాసింది కదయ్యా. అలవాటు లేని ఒళ్లు, అదే విషం ఎక్కింది. గత్తరా కాదు, దేవుడూ కాదు."

మల్లప్ప నమ్మలేదు. డాక్టరుకు మెదడు తెలుస్తుంది, బీరప్ప తెలుస్తాడా? ఏదో మాత్రలు ఇచ్చాడు, కొంచెం తగ్గితే తగ్గుతుందన్నాడు. బండిలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆయన ఆమె నుదురు ముట్టి చూస్తూనే ఉన్నాడు. వణికే చేత్తోనే.

ఊరికి వచ్చాక లింగస్వామి కబురు పంపాడు. తెలియక జరిగింది తప్పు కాదు, వచ్చేసారి కూడా మొదటి కత్తెర మల్లప్పదే. మల్లప్ప తనే కత్తెర తీసుకుపోయి ఎల్లేశం గడపలో పెట్టి వచ్చాడు. "పొగాకుతోని నిలిశిన చెయ్యి నాది గాదు" అన్నాడు. తాతల నాటి కత్తెర అట్లా పోయింది. బీరమ్మ చూస్తూ ఊరుకుంది. ఊరుకున్నట్టే కనబడింది.

రెండు దినాల తర్వాత పొద్దు వాలుతుండగా మల్లప్ప దొడ్డి గోడ దగ్గర కూర్చున్నాడు. బీరమ్మ వచ్చి పక్కన చతికిలబడి, తొడ మీద ఆకు పరిచి, పొగాకు నలిపి చుట్టడం మొదలుపెట్టింది. చేతకాక వంకరటింకరగా చుట్టింది. ఆమె వేళ్లు, ఆయన వేళ్లు ఒక్క తీరుగానే కదిలాయి. పుట్టి బుద్ధెరిగి చుట్ట వాసన గిట్టని మనిషి ఆమె!

"ఏందే గది? నాకు వద్దు. సచ్చినా వట్ట" అన్నాడు మల్లప్ప బిత్తరపోయి.

"నీకెవలిస్తున్నరు?" అని నిప్పు అంటించి ఒక దమ్ము పీల్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొగ అంతా ఆయన మొహం మీదకు వదిలింది.

మల్లప్ప గోడ పట్టుకుని లేచి, చిన్న చిన్న అడుగులతో దొడ్డి అవతలికి పోయి కూర్చున్నాడు. బీరమ్మ చుట్టతో వెనకే పోయి పక్కనే కూర్చుంది. మళ్లీ లేచాడు. మళ్లీ పోయింది. దొడ్డి చుట్టూ ఆ ఇద్దరూ తిరగడం చూసి గొర్రెలు మెడలు సారించాయి. గుర్వమ్మ అయితే చేతిలో చెంబు మర్చిపోయి నిలబడింది. చివరికి ఆయనే అలసిపోయి కూలబడ్డాడు.

"సస్తవే బీరీ. నా మాటిను."

"సస్తె సస్త. మొక్కు నీది, నువ్వు దమ్ము వట్టలె. చుట్ట నాది, నేను ఏ మొక్కూ మొక్కలె. గాలి ఎటు పోతదో బీరప్పనడుగు. నా కోసం నువ్వు ఇడిశిపెట్టినవు, నీ కోసం నేను వట్టిన. ఇద్దర్ల ఎవల్ది తప్పో ఆయననే తేల్చుకోమను."

అని, గొంగడి తీసి ఇద్దరి మీదా కప్పి, రెండో దమ్ము పీల్చింది. దగ్గు ముంచుకొచ్చింది. పేగులు నోట్లోకి వచ్చేటట్టు దగ్గింది. మల్లప్ప ఎడమ చేత్తో ఆమె వీపు రాశాడు. "మెల్లగ. మెల్లగనే పిచ్చిదానా. గంత పెద్ద దమ్ము గుంజుతరా?" అన్నాడు. కుడి చెయ్యి గొంగడి కింద, ఇద్దరి మధ్య ఉంది. అది ఆగిందో వణుకుతోందో ఆ పూట ఇద్దరిలో ఒక్కరూ చూసుకోలేదు.